శాపం అనకండి, ప్రియులారా



మొన్న ఆదివారం ఆరాధన ముగిసి భోజనాలు వడ్డిస్తుండగా తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు మా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. వాడి చొక్కా మీద నారింజ రంగు హెల్మెట్ బొమ్మ ఉంది. "అయ్యగారూ, దేవుడు క్లీవ్‌లాండ్‌ని శపించాడా?" అని అడిగాడు. ముందు నవ్వొచ్చింది. వాడి ముఖం చూశాక నవ్వలేకపోయాం. ఎవరు చెప్పార్రా అంటే "డాడీ" అన్నాడు. ఆ డాడీ మనలో ఒకరే. ఆయనకు కూడా పనిచేసే చోట ఎవరో చెప్పే ఉంటారు. ఒహాయో ఉత్తర భాగంలో ఈ మాట తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలాగా చేతులు మారుతోంది.

వాడికి "లేదు నాన్నా" అని చిన్న జవాబు చెప్పి పంపాం. పెద్ద జవాబు పెద్దవాళ్లయిన మీకు రాస్తున్నాం. వాడికి ఆ మాట నేర్పింది మనమే కదా.

మేము ఈ మొక్కజొన్న చేల మధ్యకు వచ్చింది 1999లో. పోయిన ఫుట్‌బాల్ టీమ్ బ్రౌన్స్ తిరిగి ఊరికి వచ్చింది కూడా ఆ ఏడాదే. పక్క పొలం ముసలాయన మమ్మల్ని మొదటిసారి ఇంటికి పిలిచింది మ్యాచ్ చూడడానికే. ఇంగ్లిష్ సరిగా రాని రోజుల్లో ఆయనతో కూర్చుని ఓడిపోవడం నేర్చుకున్నాం. బేస్‌బాల్ టీమ్ పేరు అప్పుడు ఇండియన్స్. మా అత్తగారు ఆ పేరు విని, "మనవాళ్లే ఆడుతున్నారా?" అని సంబరపడ్డారు. ఈ దేశపు మూలవాసులు ఆ పేరు మీద ఎన్నో ఏళ్లు అభ్యంతరం చెప్పిన మీదట, 2021 సీజన్ తర్వాత దాన్ని గార్డియన్స్ అని మార్చారు. కాబట్టి ఈ ఉత్తరం బయటివాళ్లు రాస్తున్నది కాదు. మేమూ ఏడ్చినవాళ్లమే.

ముందు లెక్క చెప్పుకుందాం. మన బేస్‌బాల్ టీమ్ వరల్డ్ సిరీస్ గెలిచింది చివరిసారిగా 1948లో. ఆ రోజు పుట్టిన బిడ్డకు ఇప్పుడు మునిమనవలు ఉండవచ్చు. ఫుట్‌బాల్ టీమ్ చివరి ఛాంపియన్‌షిప్ 1964 డిసెంబరులో, 27-0 తేడాతో. సూపర్ బౌల్ అనేది మొదలైన నాటి నుంచి నేటి దాకా బ్రౌన్స్ అందులో ఒక్కసారి కూడా ఆడలేదు. 2016లో బాస్కెట్‌బాల్ టీమ్ గెలిచి ఊరి దాహం కొంచెం తీర్చింది గానీ, ఈ రెండు టీములూ మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ ఎండకు శాపం అని పేరు పెట్టారు. ఆ శాపం కథ ఎక్కడ మొదలైందో తెలుసా? 1960 ఏప్రిల్‌లో సీజన్ మొదలవబోతుండగా జనరల్ మేనేజర్ ఫ్రాంక్ లేన్, ఊరంతా ప్రాణంగా చూసుకునే రాకీ కొలవీటోను డెట్రాయిట్‌కు ట్రేడ్ చేశాడు. అంతకు ముందు ఏడాది కొలవీటో 42 హోమ్ రన్లు కొట్టి లీగ్‌లో అగ్రస్థానం పంచుకున్నాడు. ఆ తర్వాత 1995 దాకా మన టీమ్ ప్లేఆఫ్‌ల ముఖం చూడలేదు. దానికి జనం పెట్టిన పేరే "రాకీ కొలవీటో శాపం."

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక మనిషి ఆఫీసులో కూర్చుని, ఫోను ఎత్తి, ఒక ఆటగాణ్ని పంపించేశాడు. ఇందులో శాపం ఎక్కడుంది? అది ఒక నిర్ణయం. దానికి చేసిన మనిషి ఉన్నాడు, తేదీ ఉంది, కాగితం ఉంది. శాపం అనగానే ఆ మనిషి తప్పుకున్నాడు, తేదీ చెరిగిపోయింది, పాపం దేవుడి ఖాతాలో పడింది. మనుషులు చేసినదాన్ని దేవుడి మీద వేయడం మన ఊళ్లలోనూ చూశాం. గట్టు వేయనివాడు వరద వచ్చాక కర్మ అంటాడు.

అయితే ప్రతి ఓటమికీ ఎవరో ద్రోహం చేశారని మేము అనడం లేదు. ఓడిపోవడం తప్పు కాదు. 1988 జనవరిలో డెన్వర్ మీద జరిగిన మ్యాచ్ గుర్తున్నవాళ్లు మన పక్క పొలాల్లో ఇంకా ఉన్నారు. చివరి నిమిషాల్లో గీత దాటబోతూ ఎర్నెస్ట్ బైనర్ బంతి జారవిడిచాడు. సూపర్ బౌల్ దారి మూసుకుపోయింది. ఊరు ఆ ఒక్క క్షణాన్ని ఎన్నో ఏళ్లు ఆయన మెడకు వేలాడదీసింది. నిజానికి ఆ రోజు వెనకబడిన టీమ్‌ను అంత దూరం లాక్కొచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆయనే. 1997లో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో రెండు అవుట్ల దూరంలో ఉండి ఓడిపోయాం. 2016లో మూడు మ్యాచ్‌లు గెలిచి, ఇంకొక్కటి గెలిస్తే చాలన్న చోట నుంచి జారి ఏడో మ్యాచ్‌కు వచ్చాం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రజాయ్ డేవిస్ హోమ్ రన్‌తో స్కోరు సమం చేసినప్పుడు మా ఇంట్లో పడుకున్న పిల్లలందరూ లేచారు. తర్వాత 17 నిమిషాల వాన. పదో ఇన్నింగ్స్‌లో 8-7తో ఓటమి. ఆ రాత్రి ఎవరి మీదా కోపం రాలేదు. చేతనైనంతా చేసి పడిపోయినవాణ్ని తిట్టడానికి నోరు రాదు.

మా కోపం పడిపోయినవాడి మీద కాదు. అమ్మేసినవాడి మీద.

1995 నవంబరు 6, సోమవారం. బ్రౌన్స్ యజమాని ఆర్ట్ మోడెల్ టీమ్‌ను బాల్టిమోర్‌కు తీసుకుపోతున్నానని ప్రకటించాడు. మరునాడు మంగళవారం ఇక్కడి ఓటర్లు పోలింగుకు వెళ్లారు. ఎందుకు? ఆయన ఆడుకునే స్టేడియం బాగుచేయడానికి సిగరెట్ల మీద, మద్యం మీద వేసిన పన్నును పొడిగించాలా వద్దా అని. టీమ్ వెళ్లిపోతోందని తెలిసి కూడా జనం భారీ మెజారిటీతో "సరే" అన్నారు. విడాకుల కాగితం అందిన మరునాడు కూడా ఇంటికి సున్నం వేయించినట్టు. ఆ టీమ్ రేవన్స్ అని పేరు మార్చుకుని 2001 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది. ఇక్కడి జనం పోరాడి పేరును, రంగులను, చరిత్రను మాత్రం దక్కించుకున్నారు. 1999లో కొత్త టీమ్ వచ్చినప్పుడు టికెట్ కొనడానికి ముందు, ఆ సీటు మీద హక్కు కోసం విడిగా డబ్బు కట్టమన్నారు. కట్టారు. మా పక్క పొలం ముసలాయన కూడా కట్టాడు.

బేస్‌బాల్ సంగతి చూడండి. 2007లో లీగ్‌లో ఉత్తమ పిచర్ బహుమతి మన సీసీ సబాథియాకు వచ్చింది. 2008లో అదే బహుమతి మన క్లిఫ్ లీకి వచ్చింది. 2008 జులైలో ఒకరిని, 2009 జులైలో ఇంకొకరిని ట్రేడ్ చేశారు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో న్యూయార్క్ తరఫున సబాథియా, ఫిలడెల్ఫియా తరఫున లీ ఎదురెదురుగా బంతి వేశారు. మన పెరట్లో పెరిగిన రెండు మామిడి చెట్లు ఊరవతల రెండు తోటల్లో కాస్తుంటే, మనం టీవీలో చూశాం. తర్వాత ఫ్రాన్సిస్కో లిండోర్. ఆయన్ను 2021 జనవరిలో న్యూయార్క్ మెట్స్‌కు పంపారు. అక్కడ 34 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. "మాది చిన్న మార్కెట్, అంత ఇవ్వలేం" అనేది ఇక్కడ ఎప్పుడూ వినే మాట. చిన్న మార్కెట్ కావచ్చు, కాదనం. కానీ వేరుశెనగ కాయల పొట్లం దగ్గర మనకు చిన్న మార్కెట్ ధర ఎప్పుడైనా చెప్పారా?

ఫుట్‌బాల్ టీమ్ 2016లో, 2017లో కలిపి ఆడిన 32 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. అనుభవం ఉన్న ఆటగాళ్లను వదిలేసి, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ ఎంపికలు కూడబెట్టుకుంటున్నాం, ఓపిక పట్టండి అన్నారు. పట్టాం. 0-16 అయ్యాక, 2018 జనవరి 6న, గడ్డకట్టే చలిలో వేలమంది అభిమానులు స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో నడిచి ఊరేగింపు చేశారు. దాని పేరు చెప్పి ఆకలిగొన్నవారికి ఆహారం పోగుచేశారు. ఆ ఊరేగింపు తలుచుకుంటే మాకు ఇప్పటికీ ఈ జనం మీద ప్రేమ పొంగుతుంది. ఇలాంటి మంద దొరికితే ఏ కాపరి అయినా మోకరించి కృతజ్ఞత చెప్పాలి.

అలా ఓపిక పట్టి కూడబెట్టిన నమ్మకాన్ని ఏం చేశారు? 2022లో ఒక క్వార్టర్‌బ్యాక్ కోసం మూడు మొదటి రౌండ్ ఎంపికలు ఇచ్చేసి, 23 కోట్ల డాలర్లు పూర్తి హామీతో రాసిచ్చారు. అప్పటికే ఇరవై మందికి పైగా స్త్రీలు ఆయన మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపిస్తూ సివిల్ దావాలు వేసి ఉన్నారు. ఆయన తప్పు చేయలేదన్నాడు, గ్రాండ్ జ్యూరీలు నేరాభియోగం మోపలేదు. ఈ రెండూ చెప్పడం న్యాయం. లీగ్ ఆయన్ను 11 మ్యాచ్‌లు ఆపి, 50 లక్షల డాలర్ల జరిమానా వేసిందన్నదీ నిజమే. తీర్పు చెప్పడం మా పని కాదు. కానీ మన సంఘంలో ఇద్దరు అక్కలు ఆ ఏడాది నుంచి బ్రౌన్స్ జెర్సీ వేసుకోవడం మానేశారు. వాళ్లు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మడిచి లోపల పెట్టేశారు. ఆ టేబుల్ దగ్గర సంతకాలు చేసినవారికి ఆ రెండు జెర్సీలు గుర్తొచ్చాయా?

ఇప్పుడు కొత్త స్టేడియం. సరస్సు ఒడ్డున ఉన్నదాన్ని వదిలి, విమానాశ్రయం పక్కన బ్రూక్ పార్క్‌లో పైకప్పుతో కడతారట. దానికోసం రాష్ట్రం 2025 బడ్జెట్‌లో 60 కోట్ల డాలర్లు కేటాయించింది. ఎక్కడి డబ్బు? ఎవరూ అడగక రాష్ట్రం దగ్గర పడి ఉన్న జనం సొమ్ము. మరచిపోయిన బ్యాంకు ఖాతాలు, మార్చుకోని చెక్కులు, చనిపోయినవారి పేర మిగిలిపోయిన చిల్లర. విధవరాలి కాసు కూడా అందులో ఉండవచ్చు.

ఇలా అంటే కొందరు సహోదరులు, "అయ్యగారూ, ఇది ఆటే కదా, సేవకులకు ఇవన్నీ ఎందుకు?" అంటారు. ఆట అయితే ఆటలాగే ఉండనివ్వండి. పన్ను వేసిన రోజున అది ఆట కాదు, వంద కుటుంబాలు ఆదివారం పూట ఏం వింటాయో, ఏం ఖర్చు పెడతాయో నిర్ణయించేది ఆట ఒక్కటే కాదు. ఇంకొందరు, "నిజమైన అభిమాని ప్రశ్నించడు, దీర్ఘశాంతం వహిస్తాడు" అంటారు. ఇది మాకు మరీ బాధ. దీర్ఘశాంతం అనే మాటను మేము పల్పిట్ మీద నుంచి చెబుతాం. దానికి మౌనం అని అర్థం ఎప్పుడూ చెప్పలేదు. న్యాయాధిపతి తలుపు దగ్గరకు మాటిమాటికీ వెళ్లిన విధవరాలిది కూడా ఓపికే. ఆమె ఇంట్లో కూర్చుని శాపం అనుకోలేదు.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఓటమిలో మనకు ఒక గర్వం పెరిగింది. "మాలాగా బాధపడినవాళ్లు ఎవరున్నారు?" అని చెప్పుకోవడంలో రుచి ఉంది. ఆ రుచి మరిగినవాడు బాగుపడమని అడగడు. యజమానులకు అంతకంటే ఏం కావాలి?

గార్డియన్స్ అనే పేరు ఎక్కడిదో తెలుసు కదా? స్టేడియం దగ్గర వంతెన మీద నిలబడ్డ పెద్ద రాతి విగ్రహాలవి. ఆ వంతెన పేరు హోప్ మెమోరియల్. చాలామంది నిరీక్షణ అని అనుకుంటారు. అది ఒక రాతి పనివాడి ఇంటిపేరు. నటుడు బాబ్ హోప్ తండ్రి ఆ వంతెన కట్టడంలో పనిచేశాడు. మాకు ఈ సంగతి ఎంతో నచ్చుతుంది. ఈ ఊళ్లో హోప్ ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఒక పనివాడు ఉలి పట్టుకుని చెక్కాడు.

కాబట్టి ప్రియులారా, మూడు పనులు చేయండి. ఇంట్లో శాపం అనే మాట మానండి, పిల్లల ముందు అసలే వద్దు. ఓడినప్పుడు ఓడాం అని చెప్పండి, అమ్మినప్పుడు ఎవరు అమ్మారో పేరుతో చెప్పండి. రెండోది, ఒహాయోలో ఉన్నవాళ్లు, ఇంతకు ముందు ఉండి వెళ్లినవాళ్లు, రాష్ట్రం దగ్గర ఎవరూ అడగని సొమ్ములో మీ పేరు ఉందేమో వెదకండి. ఆన్‌లైన్‌లో వెదకడానికి ఏమీ కట్టక్కర్లేదు. మూడోది, స్టేడియం డబ్బు గురించి మీ ప్రతినిధికి రెండు వాక్యాలు రాయండి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాయడం కష్టమైతే శనివారం మందిరానికి రండి, కలిసి రాద్దాం.

మ్యాచ్ మాత్రం చూద్దాం. మా పక్క పొలం ముసలాయన పోయి నాలుగేళ్లయింది. ఆయన కుర్చీ మా ఇంట్లోనే ఉంది. ఈ ఆదివారం ఆ పిల్లవాణ్ని అందులో కూర్చోబెడతాం. ఓడిపోతే ఎందుకు ఓడామో వాడికి నిజం చెబుతాం.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు కుటుంబం