సీతాఫలం పూత నిలవడం లేదా?

అనంతపురం ఎండలకు తట్టుకునే పెరటి పండ్ల చెట్లలో ముందు చెప్పుకోవాల్సింది సీతాఫలాన్నే. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి తడితోనే గుట్టల మీద దానంతటదే పెరుగుతుంది. ఆకును మేకలు కూడా ముట్టవు. చెట్టు పొట్టిది కాబట్టి చిన్న పెరడైనా చాలు.

వానలు మొదలయ్యాక రెండడుగుల గుంత తీసి, మట్టిలో పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి అంటుమొక్క నాటండి. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకూడదు. మోకాలెత్తున తల తుంచి, మూడు నాలుగు కొమ్మలే ఉంచితే పూలు చేతికందే ఎత్తులో ఉంటాయి. మొదట్లో వేరుశనగ పొట్టు పరిస్తే తేమ ఆరదు.

చిక్కంతా పూతతోనే. చెట్టు నిండా పూసినా పిందె పడదు. గొడ్డు చెట్టని కొట్టేసేవారూ ఉంటారు. తప్పు చెట్టుది కాదు. ఈ పువ్వులో ముందు ఆడభాగం సిద్ధమవుతుంది. పుప్పొడి రాలే వేళకు కీలాగ్రం ఎండిపోతుంది. అందుకే మరో పువ్వు పుప్పొడి కావాలి. దాన్ని మోసేవి తేనెటీగలు కావు, చిన్న పెంకు పురుగులు. పొడిగాలికి కీలాగ్రం ఇంకా త్వరగా ఆరిపోతుంది.

ఆ పని మనమే చేయొచ్చు. తెల్లవారుజామున పూర్తిగా విచ్చుకున్న పూలు కోసి, కాగితం మీద దులిపి పుప్పొడి తీయండి. రెక్కలు అప్పుడే కొద్దిగా విడుతున్న పూలలో, నడుమనున్న జిగురు బొడిపె చుట్టూ మెత్తటి కుంచెతో అద్దండి. ఎండ ముదరకముందే పని ముగించాలి. పండు మీది ఒక్కో కన్ను ఒక్కో ఫలదళం. పుప్పొడి అందని వైపు కళ్లు ఎదగక పండు వంకర పోతుంది. కాబట్టి చుట్టూరా అద్దడం ముఖ్యం.

మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ రకం ఇళ్లకు మేలు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క సహన్ నాటితే, పక్కనే బాలానగర్ మొక్క కూడా ఉంచండి. అర్క సహన్ పూలకు దాని పుప్పొడి అద్దాలి.

పూత సమయంలో పురుగు మందు కొట్టకండి. మగ్గిన పండ్ల తొక్కలు చెట్టు కింద వేస్తే ఆ వాసనకు పెంకు పురుగులు చేరతాయి. పిందె పడిన సుమారు నాలుగు నెలలకు కళ్ల మధ్య గాళ్లు విచ్చి లేత పసుపు తేలుతుంది. అప్పుడు కోసి గడ్డిలో మగ్గేయండి.