ఆర్వో తర్వాత... ముందు నీళ్ల పరీక్ష!

మొన్న సెలవులకు ఇంటికెళ్తే వంటింట్లో కొత్త ఆర్వో మెషీన్ కనిపించింది. అమ్మడానికి వచ్చినతను కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు ముంచి స్విచ్ వేశాడట. నిమిషంలో నీళ్లు గోధుమ రంగులోకి మారాయట. ‘ఇన్నాళ్లూ ఇవా తాగింది!’ అని అమ్మ హడలిపోయి వాయిదాల మీద కొనేసింది.

ఆ రంగు నీళ్లది కాదు, కడ్డీలది. నీటిలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి తుప్పు రంగు వస్తుంది. ఆర్వో నీటిలో లవణాలు బాగా తక్కువ కాబట్టి పెద్దగా ఏమీ జరగదు. అందులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చూపించమనండి, అతనే సర్దుకుని వెళ్లిపోతాడు!

అసలు సంగతేంటంటే, పొరలన్నీ ఒకటి కాదు. అల్ట్రాఫిల్ట్రేషన్, అదే యూఎఫ్ పొరలోని రంధ్రాలు మైక్రాన్‌లో పదో వంతు కంటే చిన్నవి. బురద, బ్యాక్టీరియా అక్కడే ఆగిపోతాయి. కరిగిన ఉప్పు, ఫ్లోరైడ్ మాత్రం దాటిపోతాయి. వాటిని ఆపేది ఆర్వోనే. మామూలుగా నీరు లవణాలు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకి వెళ్తుంది. పంపు ఒత్తిడితో దాన్ని ఎదురు నడిపిస్తే లవణాలు వెనకే ఉండిపోతాయి. ఇందుకు పనికొచ్చే పొరను 1960 ప్రాంతంలో అమెరికాలో సిడ్నీ లోబ్‌తో కలిసి తయారుచేసింది మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్. నా నాలుగేళ్ల బీటెక్‌లో ఆ పేరు ఒక్కసారీ వినలేదు.

నల్లగొండ ఫ్లోరైడ్ బోరు నీళ్లకి ఆర్వో పెట్టారంటే అర్థముంది. మా ఇంటికొచ్చేది నది నీరు. టీడీఎస్ 210. లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్వో వాడకాన్ని నిషేధించాలని 2019లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది. మాకు యూఎఫ్ సరిపోయేది, నీళ్లూ వృథా అయ్యేవి కావు. ఇప్పుడు లీటరు మంచినీటికి రెండు, మూడు లీటర్లు పైపులోంచి బయటికి పోతున్నాయి.

అలాగని టీడీఎస్ మీటరునే నమ్ముకోకండి. ఫ్లోరైడ్ ఎంతుందో, సూక్ష్మజీవులున్నాయో లేదో అది చెప్పదు. బోరు నీళ్లయితే ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే.

కెమికల్, సివిల్ చదువుతున్న మిత్రులూ, ప్రాజెక్టు కోసం రెడీమేడ్ రిపోర్టు కొనే బదులు మీ వీధిలో పది ఇళ్ల నీళ్లు పరీక్ష చేయించి, ఏ నీటికి ఏ పొర సరిపోతుందో రాయండి. వాటర్ ట్రీట్‌మెంట్ ఉద్యోగంలో మొదట తేల్చాల్సింది అదే.

అమ్మ ఇప్పుడు ఆ వృథా నీళ్లు బకెట్‌లో పట్టి ఇల్లు తుడుస్తోంది. ఇంకా ఏడు వాయిదాలున్నాయి.