లంకలో కూలిన మన సైనికులు

భారత శాంతిరక్షక సేనలోని కడపటి దళములు 1990వ సంవత్సరము మార్చి 24వ తేదీన ట్రింకోమలీ రేవును విడిచి స్వదేశమునకు మరలినవి. రెండున్నర సంవత్సరములకు మించి పరదేశమున పోరాడి, తమ తోడివారిలో వేయిమందికి పైబడి పోగొట్టుకొని వచ్చిన ఆ సైనికులు మద్రాసున ఓడలు దిగినప్పుడు, ఆనాటి తమిళనాడు ముఖ్యమంత్రి శ్రీ కరుణానిధి వారికి ఎదురేగి స్వాగతమిచ్చుటకు పోలేదు. లంకలోని తమిళులపై తుపాకులెత్తిన సేనను తాను గౌరవించుట తగదని ఆయన తలచెను. ఆ తలపును దాచుకొననులేదు. దానిని మెచ్చుకొన్నవారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. దానిని దేశద్రోహమన్నవారును అట్లే ఉన్నారు.

మూడు దశాబ్దములు గడచినను ఈ వివాదము చల్లారలేదు. మృతులకు నివాళి యర్పించినచో యుద్ధమును సమర్థించినట్లగునని ఒక పక్షము శంకించుచున్నది. యుద్ధమును తప్పుపట్టినచో మృతులను అవమానించినట్లగునని వేరొక పక్షము గద్దించుచున్నది. పరస్పరము కత్తులు నూరుకొను ఈ రెండు పక్షములును ఒక్క విషయమున ఏకాభిప్రాయము కలిగియున్నవి: సైనికుని మరణమును, ఆతనిని పంపిన ప్రభుత్వముయొక్క విధానమును వేరుచేసి చూడరాదని. సరిగా ఆ విషయమందే మేము ఇరువురితోడను విభేదింపవలసివచ్చుచున్నది.

ఆ యుద్ధమెట్లు దాపురించినదో ఒకసారి జ్ఞప్తికి దెచ్చుకొందము. 1983 జూలైలో కొలంబోలోను, దక్షిణ లంకలోను తమిళులపై జరిగిన ఘోర హింస పిదప వేలకొలది శరణార్థులు పాక్ జలసంధి దాటి మన తీరమునకు చేరిరి. తమిళ యువకుల సాయుధ ముఠాలకు మన గడ్డపైననే, మన ప్రభుత్వ విభాగముల యెరుకతోడనే శిక్షణ లభించినది. 1987 జూన్ 4వ తేదీన మన విమానములు జాఫ్నా ద్వీపకల్పముపై ఆహారపు మూటలను జారవిడిచినవి. అనంతరము రెండు మాసములైన గడువకముందే, జూలై 29న, కొలంబోలో ప్రధానమంత్రి శ్రీ రాజీవ్ గాంధియు, లంకాధ్యక్షుడు శ్రీ జయవర్ధనేయు ఒడంబడికపై సంతకములు చేసిరి. తమిళ ముఠాలు ఆయుధములు అప్పగింపవలెను. ఉత్తర, తూర్పు రాష్ట్రములు కలిసి ఒక్క పాలనకు రావలెను. శాంతిని కాపాడుటకు భారతసేన పోవలెను. వినుటకు అంతయు బాగుగనే యున్నది. కాని ఆయుధములు ఎవరి చేతిలో నున్నవో ఆ పులుల సంతకము ఆ పత్రముపై లేదు. భూమి ఎవరి స్వాధీనమందున్నదో వాని వ్రాలు లేని రాజీపత్రమునకు విలువ యెంతయో వ్యాజ్యములెరిగిన మా పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఈ ఒడంబడికను మన పార్లమెంటు ముందుగా చర్చించి ఆమోదించినదియు కాదు.

అటుపై జరిగినదంతయు తిన్నగా దిగజారుడే. సెప్టెంబరు 26న తిలీపన్ నిరశనవ్రతమున మరణించెను. అక్టోబరు 5న పలాలి స్థావరమున నిర్బంధమందున్న పులులలో పన్నిద్దరు సయనైడు మ్రింగి ప్రాణములు విడిచిరి. అక్టోబరు 10 నాటికి శాంతిని కాపాడుటకు పోయిన సేన యుద్ధము చేయుచుండెను. అందు ముందు నిలిచినది మన సికింద్రాబాదున కేంద్రము గల 54వ పదాతి డివిజను. తెలుగు పట్టణమొకటి తన కంటోన్మెంటు వాకిలినుండి సాగనంపిన సైనికులు వీరు. పేదలకు ధాన్యము పంచి, మందుపాతరలు తొలగించి, రెండు పక్షముల నడుమ నిలిచి వత్తుమని వారు పోయిరి. సరియైన పటములుగాని, ఎదుటివాని బలమునుగూర్చిన నిజమైన సమాచారముగాని వారికి లేవు. అక్టోబరు 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణమున హెలికాప్టర్లనుండి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ దళమునకు పట్టిన గతిని తలచుకొన్నచో నేటికిని ఒడలు గగుర్పొడుచును. మన రేడియో సందేశములను పులులు ముందే వినియుండిరి. వారు కాచుకొనియే యుండిరి. దిగిన ముప్పదిమందిలో 29 మంది అక్కడనే కూలిరి; ఒక్కడు బందీగా చిక్కెను. నవంబరు 25న మేజర్ రామస్వామి పరమేశ్వరన్ తన గుండెకు గురిపెట్టినవాని తుపాకిని లాగి వానినే కాల్చి, తానును నేలకొరగెను. ఆతనికి మరణానంతరము పరమవీర చక్ర ఇయ్యబడెను. ఆతడు తమిళుడు. ఆ యుద్ధము తమిళులకును ఇతరులకును నడుమ జరిగినదని తేలికగా మాటలాడువారు ఈ ఒక్క పేరునైన తలచుకొనవలెను.

ఐనను, వీరుల కథ చెప్పి యూరకుండుట పత్రికాధర్మము కాదు. 1987 అక్టోబరు 21వ తేదీ, దీపావళినాడు, జాఫ్నా ఆసుపత్రిలోనికి మన సైనికులు ప్రవేశించి జరిపిన కాల్పులలో వైద్యులు, నర్సులు, రోగులు పదులకొలది మరణించిరి. లోపలినుండి తమపై కాల్పులు జరిగినవని సేన చెప్పినది. కొందరు పులులు ముందుగా అక్కడ జొరబడినమాట నిజమే. కాని మంచముపై నున్న రోగియు, విధులలోనున్న వైద్యుడును ఏ యుద్ధనీతి ననుసరించియు శత్రువులు కారు. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో పౌరులు పలువురు చనిపోయిరి. ఈ సంగతులను వ్రాయుట సైనికుల గౌరవమునకు భంగమని కొందరు మాపై అలుగవచ్చును. అలిగినను వ్రాయవలసినదే. ఆసుపత్రిలో పడిన వైద్యుని కుటుంబమునకు కూడ సత్యము చెల్లింపవలసిన ఋణమే. శ్రీ కరుణానిధి అలుకకు మూలము అక్కడ నున్నది. అది లేని మూలము కాదు.

ఇంతలో లంక దక్షిణ భాగమున మన సేనను ఆక్రమణదారులని నిందించుచు వేరొక తిరుగుబాటు చెలరేగినది. 1989 జూన్‌లో లంక నూతనాధ్యక్షుడు శ్రీ ప్రేమదాస జూలై నెలాఖరునకు మన సేన తరలిపోవలెనని బహిరంగముగ కోరెను. అంతటితో ఆగక, ఆ ప్రభుత్వమే పులులకు రహస్యముగ ఆయుధములందించినదని పిదప వెల్లడియైనది. రెంటికి చెడ్డ రేవడి సామెత పాతది. ఈ సేన మూటికి చెడినది. సింహళులకు పరాయి, లంక తమిళులకు పగ, స్వదేశమున మదరాసు రేవునందు బరువు. 1,100కు మించి ప్రాణములు, దాదాపు 3,000 మంది క్షతగాత్రులు, ఇదియే వారు చెల్లించిన వెల. 1991 మే 21న విశాఖపట్నమునుండి విమానమెక్కి పోయిన శ్రీ రాజీవ్ గాంధి శ్రీపెరుంబుదూరున ఆ వైరమునకే బలియయ్యెను.

ఈ పాపములో గాని పుణ్యములో గాని తెలుగువారికి పాలు లేదనుకొనుట పొరపాటు. సేనను పంపిన మంత్రివర్గమందు శ్రీ పి.వి. నరసింహారావు సభ్యుడు, 1988 జూన్‌నుండి విదేశాంగశాఖ ఆయన చేతిలోనిదే. సేనను మరలించిన ప్రభుత్వమునకు వెన్నెముకయైన నేషనల్ ఫ్రంటునకు శ్రీ నందమూరి తారకరామారావు అధ్యక్షుడు. శ్రీ కరుణానిధి పక్షమును ఆ ఫ్రంటులోనిదే. కావున పొరుగువారి ఇంటి తగవువలె దీనిని అరుగుపై కూర్చుండి చూచుటకు మనకు వీలులేదు.

ప్రజలకు ఇష్టములేని యుద్ధమున పడినవారి నెట్లు తలచవలెనను ప్రశ్న ఈ దేశమునకు క్రొత్తదియు కాదు. ఢిల్లీలోని ఇండియా గేటు 1931లో వెలసినది. దానిపై పేర్లుగల పదుమూడువేల పైచిలుకు మంది మరణించినది మన స్వాతంత్ర్యముకొరకు కాదు, మనలను ఏలినవారి సామ్రాజ్యముకొరకు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి మన ప్రతినిధుల నడుగకయే ఈ దేశమును యుద్ధములోనికి దింపినప్పుడు కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చినవి. యుద్ధమును ధిక్కరించిన ఆ నాయకులు ఆ యుద్ధమున చచ్చిన రైతుబిడ్డను ధిక్కరింపలేదు. పశ్చిమ గోదావరి మండలమందలి మాధవరమువంటి గ్రామములు తరతరములుగా తమ బిడ్డలను సేనకు పంపుచున్నవి. ఆ యూరి తల్లి ఏ యుద్ధము న్యాయమైనదో, ఏది కాదో విచారించి కొడుకును పంపదు. విచారించుట ఆమె పనియు కాదు, వాని పనియు కాదు. అది ఢిల్లీలో కూర్చున్నవారి పని. ఆ పని వారు సరిగా చేయనప్పుడు ఆ తప్పునకు శిక్ష ఆ తల్లికి వేయుట యేమి న్యాయము?

భారతకథ నెరిగిన జాతికి ఇంత తర్కము అవసరములేదు. కురుక్షేత్రము ముగిసిన పిదప ధర్మరాజు చేసిన మొదటి పనులలో నొకటి మృతులకు దహనసంస్కారములు జరిపించుట. తనవారికి మాత్రమే కాదు. దుర్యోధనాదులకును, నానాదేశములనుండి వచ్చి పిలుచువారు లేక పడియున్న అనాథులకును విదురాదులచేత చేయించెను. గంగాతీరమున కర్ణుడు తన అగ్రజుడని తెలియగానే శత్రుపక్షపు సేనాపతికి తానే తిలోదకములు విడిచెను. అంతమాత్రమున కౌరవుల పక్షము న్యాయమైనదని ధర్మరాజు ఒప్పుకొన్నట్లు ఎవరైన అర్థము చేసికొనిరా? అదే స్త్రీపర్వమున గాంధారి వేరొక పని చేసినది. పడినవారినందరిని పేరుపేరున చూపి యేడ్చి, ఆపగల శక్తి యుండియు ఆపని శ్రీకృష్ణుని నిలదీసినది. తర్పణము విడుచువాడును, నిలదీయు తల్లియు ఒకే రణభూమిలో ఒకేనాడు నిలిచిరి. ఒకరి పని రెండవవారి పనికి అడ్డమురాలేదు.

ఈ దృష్టితో చూచినచో శ్రీ కరుణానిధి చెప్పదలచినదానిని చెప్పుటకు శాసనసభ యుండెను, ఢిల్లీలో తన మిత్రపక్షముల ప్రభుత్వమే యుండెను. ఆజ్ఞను పాలించి వచ్చిన సిపాయిపై ఆజ్ఞాపించినవారి కోపమును తీర్చుకొనుట ముఖ్యమంత్రి పదవికి తగినది కాదు. కాని ఆయనను నిందించి చేతులు కడుగుకొన్న ఢిల్లీ పెద్దల నడవడి అంతకంటె మేలైనదా? పంపిన పక్షమువారికి ఆ యుద్ధము అపజయమునకు గుర్తు. మరలించిన పక్షమువారికి అది పరులు చేసిన తప్పు. తలచుకొన్నచో ఇరువురికిని చిక్కే. అందుచేత ఇరువురును మరచిపోవుటకే యిష్టపడిరి. ఈ సైనికులకు ప్రత్యేక స్మారకము ముందుగా లేచినది మన రాజధానిలో కాదు, కొలంబో చెంతనున్న శ్రీ జయవర్ధనపుర కోట్టెలో, ఏ ప్రభుత్వము వారిని పొమ్మన్నదో ఆ ప్రభుత్వపు నేలపై. ఢిల్లీలో జాతీయ యుద్ధస్మారకము 2019 ఫిబ్రవరి 25న ప్రారంభింపబడి, అందు తక్కిన యుద్ధముల మృతులతోబాటు వీరి పేర్లును చెక్కబడువరకు 29 సంవత్సరములు పట్టినది. 2025 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ కొలంబోలోని స్మారకమున పుష్పగుచ్ఛముంచిరి. మంచిదే. ఇట్టి పనులను మేము హర్షింతుము.

ఐతే పువ్వులతో ఋణము సగమే తీరును. రెండవ సగము లెక్క చెప్పుట. ఆ యుద్ధమును నడపిన లెఫ్టినెంట్ జనరల్ దీపీందర్ సింగ్ ఒక గ్రంథము వ్రాసిరి. మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ ఒకటి వ్రాసిరి. కొలంబోలో మన హైకమిషనరైన శ్రీ జె.ఎన్. దీక్షిత్ వేరొకటి వ్రాసిరి. ఎవరి గ్రంథమందు వారిది న్యాయము; తప్పు ఇంకొకరిది. వెల యిచ్చి కొని, ముగ్గురి మాటలను త్రాసులో పెట్టి తూచి, తన భర్త ఎందుకు చచ్చెనో తేల్చుకొనవలసినది వీరపత్నియేనా? ఒడంబడికకు పులులు లోబడుదురని ఎవరు నమ్మిరి, ఏ ఆధారముపై నమ్మిరి? విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఆ రాత్రి దిగుమని యాజ్ఞ యిచ్చినప్పుడు ఎవరి సమాచారమును విశ్వసించిరి? ఆసుపత్రిలో జరిగినదానిపై సాక్ష్యము లెవరు తీసికొనిరి? 1962నాటి చైనా యుద్ధముపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఏ పక్షపు ప్రభుత్వమును తనంతట తాను ప్రకటింపలేదు. అందలి భాగములను 2014లో ఒక విదేశీయ పాత్రికేయుడు బయటపెట్టువరకు ప్రజలు దాని ముఖము చూడలేదు. లంక కాగితములకు అదే గతి పట్టరాదు. రహస్యములు బయటపడినచో దేశరక్షణకు ముప్పని అధికారులు చెప్పుచుందురు. పులుల సంస్థ 2009 మే నెలలోనే నిర్మూలమైనది. ఒడంబడికపై సంతకము చేసిన ఇరువురును గతించిరి. ఇక ఆ కాగితములు ఎవరిని రక్షించుచున్నవి?

కేంద్ర ప్రభుత్వము ఆనాటి యుద్ధ దినచర్య గ్రంథములను, మంత్రివర్గ పత్రములను చరిత్రకారులకు తెరువవలెను. జాఫ్నా ఆసుపత్రి విషయమును అందులో చేర్చవలెను. మన రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు చేయదగిన పని యింతకంటె చిన్నది, సులువైనది. జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయము లున్నవి. లంకలో 1987 మొదలు 1990 వరకు మరణించిన, అంగహీనులైన తెలుగు సైనికుల పట్టికను గ్రామముల వారీగా తయారుచేయించి, వారి కుటుంబములకు రావలసిన పింఛనులు, భూములు నిజముగా ముట్టినవో లేదో విచారించి, ఆ పట్టికలను తహసీల్దారు కచేరీల గోడలపై అతికింపవలెను. తమ గ్రామమునుండి పోయినవారి పేర్లు ఆ పట్టికలో లేకున్నచో గ్రామపెద్దలు కలెక్టరునకు అర్జీ పెట్టుకొనవలెను.