రెప్పపాటులో ఎన్ని వేల వంతులు!

కర్మాగారంలో ఒక యాంత్రిక హస్తం సెకనుకు వెయ్యిసార్లు కంప్యూటరు ఆజ్ఞను అందుకోవలసి వున్నదనుకుందాం. తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఆజ్ఞలు సకాలంలో అంది, చివరిది ఒక్కటి ఆలస్యమైనా చాలు, చేతిలోని వస్తువు చెడిపోవచ్చు.

కంప్యూటరులో అనేక పనులు ప్రాసెసర్ కోసం వేచివుంటాయి. ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. ఒక పని మేలుకోవలసిన క్షణానికీ, దానికి ప్రాసెసర్ నిజంగా దక్కిన క్షణానికీ నడుమ గడిచినదే జాప్యం.

దానిని కొలిచే సాధనం ప్రాసెసర్‌లోనే వున్నది. 1993లో వెలువడిన ఇంటెల్ పెంటియంలో గడియారపు ప్రతి స్పందననూ లెక్కించే 64 బిట్ల రిజిస్టరును అమర్చారు. సెకనుకు 300 కోట్ల స్పందనలైతే, ఒక్క మైక్రోసెకనులో లెక్క 3,000 పెరుగుతుంది! తొలినాళ్ళలో ప్రాసెసర్ వేగం మారితే ఈ లెక్క వేగమూ మారేది. తరువాత వచ్చిన ప్రాసెసర్లలో ఆ లోపం తొలగింది.

నిద్రకు ముందొకసారి, మేలుకొన్న వెంటనే మరొకసారి రిజిస్టరును చదివి, తేడాలోనుంచి నిద్ర గడువును తీసివేస్తే జాప్యం తేలుతుంది. ఇక్కడ సగటు లెక్కకు విలువ లేదు. అత్యధిక జాప్యమే ముఖ్యం.

మరొక విచిత్రం: ఒక్కొక్కప్పుడు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండానే ప్రాసెసర్‌ను ఆక్రమిస్తుంది. అప్పుడు సిస్టమ్ నిలిచిపోయినా రిజిస్టరు నిలువదు. దానిని ఎడతెగక చదువుతూవుంటే, లెక్కలో కనిపించే పెద్ద అంతరమే ఆ చౌర్యాన్ని పట్టి ఇస్తుంది.

ఇట్టి జాప్యాలను తగ్గించడానికి 2004లో ఆరంభమైన కృషి, ఇరవై ఏళ్ళకు, 2024 నవంబరులో వెలువడిన లినక్స్ 6.12లో ప్రధాన భాగంగా చేరింది.