కెమెరా కబుర్లు: గోడ కదలదు, సూర్యుడు కదులుతాడు!

"కట్టడాల్ని ఫొటో తీస్తే చప్పగా వస్తున్నాయి, ఎందుకండీ?" అని కుర్రకారు తరచూ అడుగుతుంటారు. జవాబు చెప్పేముందు నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి.

మా అమ్మమ్మగారి పెంకుటిల్లు పడగొట్టేస్తున్నారని తెలిసి, ఆఖరిసారి ఫొటో తీద్దామని బయల్దేరాను. మిట్టమధ్యాహ్నం. నెత్తిన మండుటెండ. "వెలుగు దండిగా ఉందిగా!" అనుకుని టకటకా నొక్కేశాను. ప్రింట్లు వచ్చాక చూద్దును కదా, సున్నపు గోడ తెల్లగా మెరిసిపోతోంది, చూరు కింద అరుగు బొగ్గులా నల్లబడిపోయింది. ఆ అరుగుమీద అమ్మమ్మ కూచునుంది! నాకు తెలుసు గనక ఉందంటున్నాను. ఫొటోలో లేదు.

సంగతేమిటంటే, ఎండకీ నీడకీ మన కన్ను సర్దుకుంటుంది. ఫిల్ము సర్దుకోలేదు. గోడకి సరిపెడితే అరుగు పోతుంది, అరుగుకి సరిపెడితే గోడ పోతుంది.

1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ 'అపరాజితో'కి కాశీ ఇంటి లోగిలి సెట్టు వేస్తే, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా ఏం చేశారో తెలుసా? లైట్లు నేరుగా కొట్టలేదు. పైన తెల్లగుడ్డ కట్టించి, వెలుగు దానికి తగిలి మెత్తగా కిందికి దిగేలా చేశారు. సెట్టు కాస్తా నిజమిల్లయి కూచుంది! ఆ రోజు నేను అరుగు ఎదురుగా ఎండలో ఓ తెల్లపంచె పట్టించినా సరిపోయేది...

మరి మీరేం చెయ్యాలి? 1591 నాటి మన చార్మినార్‌నే తీసుకోండి. నాలుగు ముఖాలు, నాలుగు దిక్కులు. పొద్దున తూర్పు ముఖానిది, సాయంత్రం పడమటి ముఖానిది. ఎండ ఎదురుగా కొడితే గచ్చుపని అణిగిపోతుంది. పక్కనుంచి ఏటవాలుగా జారితే, పువ్వు పువ్వుకీ నీడ పుట్టి లేచి నిలబడుతుంది. ఇక రంగు కావాలా? పొద్దుగుంకాక పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. ఆకాశం నీలం, దీపాల పసుపు సరిసమానంగా తూగే ఘడియ అది. ఆ తర్వాత అంతా చీకటే!

ఇప్పుడు మీ జేబుల్లో ఫోన్లున్నాయి, రీలు ఖర్చు లేదు. ఈ ఆదివారం మీ ఇంటినే పొద్దునోసారి, సాయంత్రమోసారి తీసి చూడండి. అరుగుమీద ఎవరన్నా కూచునుంటే ముందు వాళ్ల మొహం కనిపిస్తోందో లేదో చూసుకోండి. గోడ సంగతి తర్వాత.

వచ్చేవారం మళ్లీ కలుద్దాం!