పెళ్లి తర్వాతా పుట్టింటి పేరే: ప్రభుత్వ పత్రాల్లో రావలసిన మార్పు

తెలుగువారిలో ఇంటిపేరు మనిషి పేరుకు ముందు వస్తుంది. రోజువారీ రాతల్లో అది ఒక్క పొడి అక్షరానికి కుదించుకుపోతుంది. పెళ్లయిన స్త్రీ పేరులో మారేది ఆ ఒక్క అక్షరమే కదా అన్న భావన బలంగా ఉన్నందువల్లనే, దాని వెనక ఆమె పడే ప్రయాస ఎవరి లెక్కలోకీ రావడం లేదు. పదో తరగతి ధ్రువపత్రం సాధారణంగా పెళ్లికి ముందే చేతికి వస్తుంది కాబట్టి దానిలో పుట్టింటి పేరు ఉంటుంది. పెళ్లి తర్వాత రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో, ఆధార్‌లో మెట్టినింటి పేరు చేరుతుంది. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు వాటిని తీసుకున్న కాలాన్ని బట్టి ఏదో ఒక పేరుతో ఉంటాయి. ఉద్యోగానికో వీసాకో ఇవన్నీ ఒకచోట చేరిన రోజున, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ ఎదుట అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి ఇచ్చే రాతపూర్వక వాంగ్మూలం, సమర్పించవలసిన భారం ఆమె మీదే పడుతుంది. అదే ఇంట్లో భర్తకు పెళ్లి కారణంగా అలాంటి అవసరం రాదు.

భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని శాసించే చట్టం భారతదేశంలో లేదు. పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కరలేదని 2017 ఏప్రిల్‌లో ప్రధానమంత్రే ప్రకటించారు. వ్యక్తి తన పేరును తాను నిర్ణయించుకోవడం రాజ్యాంగం హామీ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. అయినా ఆచారమే చట్టమన్న నమ్మకం ఇళ్లలోనూ దరఖాస్తులు తీసుకునే చోట్లా సాగుతూనే ఉంది.

ఈ వైరుధ్యం అత్యంత స్పష్టంగా కనిపించేది ఆస్తి విషయంలో. సమష్టి కుటుంబ ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికి కూడా పుట్టుకతోనే వాటా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఆ సవరణ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను వదిలివేయగా, 2005 నాటి కేంద్ర సవరణ ఆ తేడాను కూడా తొలగించింది. పెళ్లి కూతురిని పుట్టింటికి పరాయిదాన్ని చేయదని శాసనం ఇంత స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా, తండ్రి మరణానంతరం కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి వెళ్లిన స్త్రీ, వేరే ఇంటిపేరు మోస్తున్నందువల్ల, తాను ఆ తండ్రి కూతురినేనని అదనపు సాక్ష్యం చూపవలసి వస్తోంది. హక్కు పుట్టుకతో వచ్చినప్పుడు, ఆ పుట్టుకను తెలిపే పేరు మాత్రం పెళ్లితో ఎందుకు పోవాలి?

పాత పేరుకు తిరిగి రావడం ఇంకా కష్టం. ఆధార్‌లో సాధారణ పద్ధతిన జీవితకాలంలో రెండుసార్లే పేరు మార్చుకోవచ్చు. పెళ్లికి ఒకటి, విడాకులకు ఒకటి ఖర్చయితే అక్షరదోషం దిద్దుకోవడానికి కూడా అవకాశం మిగలదు. పుట్టింటి పేరుకు మళ్లాలంటే విడాకుల డిక్రీ నకలో, లేదా భర్త నుంచి నిరభ్యంతర పత్రమో తేవాలన్న కేంద్ర ప్రకటనను సవాలు చేస్తూ 2024లో ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ దాఖలైంది. వయోజనురాలి పేరు మీద మరొకరి అనుమతి ఉండాలనడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఇష్టపడి భర్త ఇంటిపేరు పెట్టుకునేవారిని అడ్డుకోవాలన్నది ఇక్కడి కోరిక కాదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1981 నుంచి దంపతులిద్దరికీ పుట్టినప్పటి పేర్లనే తప్పనిసరి చేసింది. జపాన్ చట్టమేమో ఇద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలంటుంది. రెండూ ఎంపికను హరించేవే.

కావలసిన ఏర్పాటు ఇక్కడ ఇప్పటికే సగం సిద్ధంగా ఉంది. వివాహాల నమోదును తప్పనిసరి చేసిన 2002 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం ఇచ్చే ధ్రువపత్రంలోనే, పెళ్లి తర్వాత వాడబోయే పేరును వధూవరులిద్దరి చేతా రాయించాలి. ఏమీ రాయకపోతే ఉన్న పేరే కొనసాగాలి. మార్పు కోరినవారి విషయంలో ఆ ఒక్క ధ్రువపత్రమే ఆధార్, పాన్, పాస్‌పోర్టు, ఓటరు నమోదు అధికారులకు నేరుగా చేరాలి. భార్యాభర్తల బంధాన్ని పేరుతో కాక దరఖాస్తులో వేరే గడితో తెలపాలి. తిరిగి పాత పేరు కోరే స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలాలి. ఈలోగా తల్లిదండ్రులు చేయగలిగిందీ ఉంది: పెళ్లికి ముందే కూతురి ఆధార్, పాన్, పాస్‌పోర్టులలో పొడి అక్షరం బదులు ఇంటిపేరును పూర్తిగా, పదో తరగతి పత్రంలోని వరుసలోనే రాయించి ఉంచడం, పెళ్లయిన వెంటనే ఆ పెళ్లిని నమోదు చేయించడం.