చేతి పనిని చూపించి పిల్లల్ని భయపెట్టకండి



"సరిగ్గా చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా." పేరెంట్స్ మీటింగుల్లో ఈ మాట తరచూ వింటుంటాను. మీరు ప్రేమతోనే అంటారు. కానీ చేతులతో పనిచేసేవాళ్లంటే ఓడిపోయినవాళ్లని పక్కనున్న పిల్లలకు అర్థమవుతుంది.

మీకొక పెన్ను కథ చెప్తాను. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు కంసాలి పనిలో ఆరితేరినవారు. స్వదేశీ ఉద్యమం రోజులవి. అప్పట్లో ఫౌంటెన్ పెన్నులు ఎక్కువగా విదేశాల నుంచే వచ్చేవి. గాంధీజీ పిలుపుతో ఆయన పెన్ను ఇక్కడే తయారు చేయాలని పూనుకున్నారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్ మీద తిప్పుతూ బ్యారెల్, క్యాప్ చెక్కాలి. లోపల మర చుట్లు కోయాలి. మర వదులైతే సిరా కారుతుంది, బిగుతైతే మూత పట్టదు. అలా చేసిన పెన్ను జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరింది. ఆయన వాడి చూసి, బాగుందని 1935లో ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం కన్నా నాకు గొప్పగా అనిపించేది మరొకటుంది. ఆ పని ఆయనతో ఆగిపోలేదు. కుటుంబం అందుకుంది. రాజమండ్రిలో రత్నం పెన్నులు నేటికీ చేత్తోనే తయారవుతున్నాయి. నాన్న చేసే పనిని చెప్పుకోవడానికి సిగ్గుపడే ఇంట్లో ఇది సాధ్యమా?

మా క్లాసులో 'మై ఫాదర్' ఎస్సే రాయమంటే చాలామంది 'బిజినెస్' అని రాస్తారు. ఏం బిజినెస్ అని అడిగితే తల దించుకుంటారు. ఒక బాబు మాత్రం మెల్లగా "కార్పెంటర్, మేడమ్" అన్నాడు. టర్మ్ ఫీజు కడుతున్నది ఆ పనే. దాని పేరు గట్టిగా చెప్పడానికి ఆ బాబు ఎందుకు జంకాలి?

మీ భయం నాకు అర్థమవుతుంది. చేతి పనిలో రాబడికి నిలకడ ఉండదు. మీరు పడ్డ కష్టం పిల్లలు పడకూడదనుకోవడం న్యాయమే. వాళ్లు ఇంజనీర్లు, డాక్టర్లు కావాలనే నేనూ కోరుకుంటాను. అయితే చదువు విలువ చెప్పడానికి పనిని కించపరచక్కర్లేదు. కొలత తప్పకూడదని పట్టుబట్టే ఓర్పే లెక్కల్లోనూ, సైన్స్ ల్యాబ్‌లోనూ పిల్లలకు కావాలి.

ఒక ఆదివారం పిల్లల్ని మీరు పనిచేసే చోటికి తీసుకెళ్లండి. లేదా తాతగారు వాడిన పనిముట్టు ఏదైనా ఇంట్లో ఉంటే వాళ్ల చేతికిచ్చి, దాని పేరేమిటో, దానితో ఆయన ఏం చేసేవారో చెప్పండి. తర్వాత వాళ్లను ఎస్సే రాయనివ్వండి. స్పెల్లింగులు నేను దిద్దుతాను. విషయం మాత్రం మీరే ఇవ్వాలి.